కాళ్లు కడిగిన నీళ్లు

నాకు చిన్నప్పటి నుంచీ అసహ్యం ఎక్కువ. అన్నంలో వెంట్రుక కనిపిస్తే ఆ పూట పస్తే. బస్సులో పక్కవాళ్లు ముక్కు చీదితే సీటు వదిలేసి నిలబడేదాన్ని. నరసరావుపేటలో మా అమ్మ ఈ సంగతి ఇంటికి వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకునేది, మా లీలావతికి శుభ్రం ఎక్కువండీ అని. అసహ్యమూ శుభ్రమూ ఒకటేనని నేనూ నమ్మాను. అలాంటిదాన్ని తీసుకొచ్చి 1957 జూన్‌లో మాచవరం అవతల ఒక పాలెంలో మిషన్ స్కూలు పంతులమ్మను చేశారు.

పాలెంలో నలభై ఇళ్లు. అందరూ మిషన్ గుడికి వచ్చేవాళ్లే. పొద్దున్నే ఆడా మగా ఊళ్లోని ఆసాముల పొలాలకు కూలికి పోతారు. ఊళ్లోవాళ్ల బావికి గిలక ఉంది, చేద వేసి తోడుకుంటారు. ఆ బావి దగ్గరికి మమ్మల్ని రానివ్వరు. మాది దిగుడుబావి. పద్దెనిమిది రాతిమెట్లు దిగి, చివరి మెట్టు మీద మోకాటి లోతు నీళ్లలో నిలబడి బిందె ముంచుకోవాలి.

మొదటిరోజు నీళ్లకు వెళ్లి చూద్దును కదా, బావినిండా చేపలు. వేలెడంత పరిగెలు గుంపులుగా వచ్చి నా కాలివేళ్లను పొడుస్తున్నాయి. బిందె అక్కడే వదిలేసి పైకి పరిగెత్తాను.

మెట్ల మీద పక్కింటి కాంతమ్మ ఎదురైంది. నలభై ఏళ్ల మనిషి. మాటలో ఎక్కడా మెత్తదనం ఉండదు.

"ఏంది పంతులమ్మా, పామును చూసినట్టు పరిగెత్తుకొస్తన్నావు" అంది.

"బావిలో చేపలున్నాయి కాంతమ్మక్కా."

"ఉంటయ్. నేనే ఏశా. యేటా వానలప్పుడు వాగులో పట్టుకొచ్చి ఏస్తా. మా అమ్మ ఏసేది, నేనూ ఏస్తన్నా."

"ఎందుకు?"

"ఏమో, నాకేం తెలుసు. అమ్మ చెప్పలా, నేను అడగలా."

తాగే నీళ్లలో చేపలు. అవి తినేదీ అందులోనే, విసర్జించేదీ అందులోనే. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. తరవాతి శనివారం పెద్దపిల్లల్ని పోగుచేసి, పాత దుప్పట్లు ఇచ్చి బావిలోకి దింపాను. మూడు రోజుల్లో ఒక్క చేప లేకుండా పట్టేశారు. పాలెమంతా పులుసు వాసన. పిల్లలకు అది పండగే. కాంతమ్మ గట్టు మీద నిలబడి చూసింది, ఆ పైన వానలకు మళ్లీ చేపలు తెచ్చి వెయ్యలేదు.

చేపలు పోయాక నీళ్లు తేటగా కనిపించాయి. అయినా నా కన్ను ఊరుకోదు కదా. గాజుగ్లాసులో పోసి ఎండకు పట్టి చూస్తే, తెల్లటి నలుసులు కుదుపులు కుదుపులుగా కదులుతున్నాయి. ఆవగింజలో పావు వంతు కూడా ఉండవు, కాని ప్రాణం ఉంది. ఆ రోజు నుంచీ పాత చీర నాలుగు మడతలు వేసి, నా తాగేనీళ్లు వడగట్టుకోవడం మొదలుపెట్టాను. నా ఒక్కదానికే. మిగతావాళ్లకు చెప్పాలని తోచలేదు. వాళ్లకు అంత పట్టింపు ఎక్కడిదిలే అనుకున్నాను.

ఏడో తరగతిలో ఆరుగురు. వాళ్లలో ఆడపిల్ల ఒక్కతే, కాంతమ్మ కూతురు మేరీ. బడికి ఆలస్యంగా చేరినందువల్ల అప్పటికే పదిహేనేళ్లు. ఎనిమిది పాసైతే గుంటూరులో ఒక ఆస్పత్రివాళ్లు నర్సు పని నేర్పుతారని విని, నన్ను చూసిన రోజే అడిగింది, "ఎనిమిది దాకా మీరే చెప్తారాండీ, మళ్లీ ఎల్లిపోతారా" అని. నా ముందు ఇద్దరు పంతులమ్మలు ఆరేసి నెలలు కూడా ఉండలేదట. ఉంటానని మాట ఇచ్చాను. నాకు ఆ పిల్లంటే ఇష్టం. గోళ్లు శుభ్రంగా ఉండేవి.

ప్రకృతి పాఠంలో జీవులు ఒకదాని మీద ఒకటి ఎలా ఆధారపడి బతుకుతాయో చెప్పాను. నల్లబల్ల మీద గొలుసు గీశాను. గడ్డిని మిడత తింటుంది, మిడతను కప్ప, కప్పను పాము, పామును గద్ద.

"గద్దని ఏది తింటదండీ?" అంది మేరీ.

"గద్ద చచ్చాక దాన్ని పురుగులు తింటాయి. మిగిలింది మట్టిలో కలుస్తుంది. ఆ మట్టిలో మళ్లీ గడ్డి మొలుస్తుంది."

"మరి మనిషినండీ?"

"మనిషిని ఏదీ తినదు. మనిషి వీటన్నిటికీ పైన ఉంటాడు" అన్నాను. గొలుసుకు పైన ఒక అడ్డగీత గీసి, గీత మీద గుండ్రటి అక్షరాలతో మనిషి అని రాశాను.

మరుసటి ఏడు ఈస్టరు వెళ్లిన వారంలో, మేరీ తండ్రి ఇన్నయ్య పనికి పోకుండా అరుగు మీద కూర్చుని కనిపించాడు. ఎడమకాలి మడమ పైన బొబ్బ పగిలి ఉంది. పుండు మధ్య నుంచి తెల్లటి దారం ఒకటి వేలాడుతోంది. సేమ్యా పోగులా ఉంది. దగ్గరికి వెళ్లి వంగి చూశాను. అది తడితడిగా మెరుస్తోంది. నేను వాళ్ల పెరట్లోకి వెళ్లి కక్కుకుని వచ్చాను.

"నారి లేమ్మా" అన్నాడు ఇన్నయ్య, తనేదో తప్పు చేసినట్టు. "ఎండలకి ఇద్దరు ముగ్గురికి యేటా లేస్తది."

"నారి అంటే?"

కాంతమ్మ చెప్పింది. "ఒంట్లో వేడికి నరం ముదిరి నారైపోయిద్ది. బయటికొచ్చిద్ది. పుల్లకి చుట్టుకుంటా పోవాల."

నేనూ నమ్మాను. నార అన్నారు కాబట్టి నారే అనుకున్నాను. నారకు ప్రాణం ఉంటుందనీ, దానికి పిల్లలుంటాయనీ ఎవరికైనా ఎందుకు తోస్తుంది? నాకు తోచిందల్లా ఒకటే, ఇదంతా మురికివల్ల వచ్చిన రోగం అని. ఈ పాలెంలో కాళ్లు చూడాలి మీరు. డొంకలో పేడ, బురద, పందులు తిరిగిన చోటు తొక్కి, అవే కాళ్లతో తిన్నగా బావిలోకి దిగుతారు. ఆ నీళ్లే తాగుతారు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక లేచి నిలబడి చెప్పాను. ఇక నుంచి ఎవరు బావి దిగినా, చివరి మెట్టు మీద కాళ్లు శుభ్రంగా రుద్ది కడుక్కోవాలి. కడుక్కోకుండా బిందె ముంచకూడదు. ప్రభువు శిష్యుల కాళ్లు కడిగాడు, మన కాళ్లు మనం కడుక్కోలేమా అని కూడా అన్నాను. నా మాట నాకే బాగుందనిపించింది. మెట్ల దగ్గర కాపలాకు మేరీని పెట్టాను. ఆ పిల్ల నిక్కచ్చిగా చేసింది. గుడిలో ప్రార్థన చేయించే ఉపదేశినైనా వదల్లేదు.

అంతకుముందు నారి లేచినవాళ్లు బావి వైపు వచ్చేవాళ్లు కాదు. నడవలేక ఇంట్లో పడి ఉండేవాళ్లు. ఇన్నయ్య కూడా అలాగే పుండు మీద ఈగలు తోలుకుంటూ అరుగు మీద ఉండేవాడు. నేను రోజూ ఆ ఈగల్ని చూడలేకపోయాను.

"ఆ కాలు అట్లా కుళ్లబెట్టుకుంటావేంటి ఇన్నయ్య బావా? అందరూ కడుక్కుంటుంటే నీకేం? లేచి బావికి పద" అన్నాను.

ఒక చేయి కాంతమ్మ, ఒక చేయి నేను పట్టుకుని పద్దెనిమిది మెట్లూ దింపాం. కాలు నీళ్లలో పెట్టగానే అతని ముఖం తేలికపడింది. "మంట పోయిందమ్మా. చానా హాయిగా ఉంది" అన్నాడు. పుండు దగ్గర నీళ్లు కొంచెం పాలలా తెల్లబడ్డాయి. చీము పోతోందని సంతోషించాను. ఆ పైన ఇన్నయ్య రోజూ మధ్యాహ్నం తనే కర్ర పట్టుకుని వెళ్లి, గంటసేపు కాలు ముంచుకుని కూర్చునేవాడు. ఇంకో ఇద్దరు కూడా వెళ్లేవాళ్లు. నేను వాళ్లను మెచ్చుకున్నాను.

రెండు వారాలు గడిచినా నారి సగం కూడా రాలేదు. ఊళ్లో ఆసామి వెంకట్రామయ్యగారి పొలంలో పని పోతుందన్న తొందరలో ఇన్నయ్య ఒకరోజు దాన్ని గట్టిగా లాగాడు. తెగింది. మిగిలిన ముక్క లోపలికి వెళ్లిపోయి కాలు మోకాటి దాకా వాచింది. మూడు నెలలు మంచం మీద ఉన్నాడు. లేచేసరికి చీలమండ బిగుసుకుపోయింది. ఇక ఆ కాలు వంగలేదు. కాలు ఈడ్చుకుంటూ నడిచేవాడు.

మరుసటి ఏడు, 1959 మార్చిలో మేరీ ఎనిమిదో తరగతి పాసైంది. ఏప్రిల్‌లో గుంటూరు నుంచి కాగితం వచ్చింది. జూన్ పదిహేను సోమవారం ఉదయం హాజరు కావాలి, డాక్టరమ్మ పరీక్ష చేస్తుంది, ఒంట్లో ఏ రోగమున్నా తిప్పి పంపుతారు. మేరీ ఆ కాగితాన్ని బైబిల్లో పెట్టుకుంది. నేను కూడా సెలవులకు ఊరికి వెళ్లకుండా ఉండిపోయి, ఆ పిల్లకు రెండు తెల్లచీరలకు అంచులు కుట్టాను.

అదే నెల పాలెంలో బొబ్బలు లేవడం మొదలైంది. యేటా ఇద్దరు ముగ్గురికి వచ్చేది, ఈసారి పద్నాలుగు ఇళ్లకు వచ్చింది. ఒకావిడకు రొమ్ము మీద లేచింది. ఒక ముసలాయనకు మూడు చోట్ల వచ్చింది. ఏ అరుగు మీద చూసినా కట్టు, ఆ కట్టులోంచి పొడుచుకొచ్చిన చీపురుపుల్ల, పుల్లకు చుట్టిన తెల్లటి పోగు, దాని మీద ఈగలు. నేను తల దించుకుని నడిచేదాన్ని. ఇంత చెప్పినా, రోజూ కాళ్లు కడిగించినా వీళ్లకు ఈ దరిద్రం వదలదా అని మనసులో తిట్టుకున్నాను. అసహ్యంలో చిన్న గర్వం కూడా ఉంది. నాకు రాలేదు కదా.

మే పదో తారీఖున మేరీ మోకాలి కింద బొబ్బ లేచింది.

నాలుగు రోజుల తరవాత గురజాల నుంచి హెల్త్ ఇన్స్పెక్టరు సైకిలు మీద వచ్చాడు. అబ్దుల్ జబ్బార్ అని, పొడుగ్గా, ఖాకీ నిక్కరుతో ఉన్నాడు. మధ్యాహ్నం కావడంతో పాలెంలో నడవగలిగినవాళ్లంతా పొలాల్లో ఉన్నారు. కాంతమ్మ ఇంట్లో మేరీ, కాంతమ్మ, నేను. ఆయన ముందు బావి నీళ్లు గాజుగ్లాసులో తెప్పించి భూతద్దం పెట్టి చూశాడు. నా చేతికి ఇచ్చాడు. నాకు తెలిసిన తెల్లటి నలుసులే. కాకపోతే ఇప్పుడు వాటికి కాళ్లు, తోక కనిపించాయి.

"నీటిపేను అనుకోండి టీచరమ్మా" అన్నాడు.

తరవాత మేరీ కాలి కింద లోతు పళ్లెం పెట్టించి, పుండు మీద చల్లటి నీళ్లు ధారగా పోశాడు. పుండు నోట్లోంచి తెల్లటి నీరు ఉబికింది. పోయిన ఏడు బావిలో చూసిన తెలుపే. ఆ పళ్లెంలోంచి ఒక్క చుక్క అద్దం ముక్క మీద వేసి, మళ్లీ భూతద్దం నాకిచ్చాడు. చుక్కంతా సన్నటి వెంట్రుక తునకలు. అన్నీ మెలికలు తిరుగుతున్నాయి. కుప్పలు కుప్పలుగా.

"ఇవన్నీ పిల్లలు" అన్నాడు.

"తల్లి ఏదండీ?" అంది మేరీ.

"నువ్వు నారి అంటున్నావే, అదే తల్లి. అది నరం కాదు తల్లీ, పురుగు. పోయిన యేడు నీటిపేనుతో పాటు నీ కడుపులోకి పోయింది. ఏడాదిగా నీ ఒంట్లో నువ్వు తిన్నది తిని గజం పొడుగు పెరిగింది. ఇప్పుడు పిల్లల్ని నీళ్లలో వదలాలి. నీళ్లేమో బావిలో ఉన్నయ్. దానికి కాళ్లు లేవు. ఏం చేస్తది? నీ కాలికి మంట పుట్టిస్తది. మంట పుడితే నువ్వే నడుచుకుంటా పోయి కాలు నీళ్లలో పెడతావు. ఆ పిల్లల్ని మళ్లీ నీటిపేలు తింటయ్. ఆ పేలున్న నీళ్లు జనం తాగుతారు."

నాకు ఇన్నయ్య ముఖం కనిపించింది, నీళ్లలో కాలు పెట్టగానే తేలికపడ్డ ముఖం. పైమెట్టు మీద అప్పుడు మేరీ కాపలా ఉంది. ఆ సాయంత్రం ఆ పిల్ల ఆ బావి నీళ్లే తాగి ఉంటుంది.

"ఈ బావిలో ఇంతలా ఎందుకు పెరిగిందో అర్థం కావట్లేదు" అన్నాడు ఆయన పుస్తకం తీసి. "కాళ్లకు పుళ్లున్నవాళ్లు దిగుతున్నారా?"

కాంతమ్మ నా వైపు చూడలేదు. "దిగుతారు. అందరూ కాళ్లు కడుక్కుంటారు మెట్టు మీద."

"ఎవరు చెప్పారు అట్లా కడుక్కోమని?"

నేను నోరు తెరిచాను. నాకంటే ముందు కాంతమ్మ అంది, "ఎవరూ చెప్పలా. ముందు నుంచీ అలవాటే."

"చేపలు లేవా బావిలో? చిన్న చేపలుంటే ఈ పేలని తినేస్తయ్. చానా బావుల్లో ఏసుకుంటారు."

"ఉండేయి. ఎండలకి చచ్చినయ్."

ఆయన అంతా రాసుకున్నాడు. చివర్లో నన్ను అడిగాడు, "మీరూ ఇదే నీళ్లు తాగుతారు కదా, మీకు రాలేదా?"

"నేను వడగట్టుకుంటానండీ" అన్నాను.

"అదే చెయ్యాల్సింది. మరి వీళ్లకి చెప్పలేదా?" అని మామూలుగానే అడిగి, జవాబు కోసం చూడకుండా, పుండు ఎలా చూసుకోవాలో చెప్పడం మొదలుపెట్టాడు. రోజూ పళ్లెంలో కాలు పెట్టించి నీళ్లు పోయాలి. వచ్చినంత వరకే పుల్లకు చుట్టాలి. బిగిసిందనుకుంటే ఆపేయాలి. తెగితే ఇన్నయ్య కాలికి పట్టిన గతే. పళ్లెంలోని నీళ్లు బావికి దూరంగా, కాలే నేల మీద పారబోయాలి. వెళ్తూ వెళ్తూ గ్లాసు కడిగి ఇచ్చాడు.

ఆ సాయంత్రం పాలెంలో ఇంటింటికీ తిరిగి చెప్పాను. ఇన్స్పెక్టరుగారి ఆర్డరు, పుండున్నవాళ్లు బావి దిగకూడదు, మిగతావాళ్లూ నీళ్లలో కాలు పెట్టకూడదు, నీళ్లు గుడ్డతో వడగట్టాలి. పాత ఆర్డరు నాది అని మాత్రం చెప్పలేదు. వారంలోగా ఒకళ్లు కోడిగుడ్లు, ఒకళ్లు పొట్లకాయ తెచ్చి ఇచ్చారు, పంతులమ్మ మన మేలు కోరి తిరుగుతోందని. ఆ గుడ్లు నేను తినలేకపోయాను. ఎప్పుడూ ఎదుటివాళ్ల మీద కలిగే అసహ్యం ఆ రోజుల్లో నా చీరకే అంటుకున్నట్టుండేది, ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు.

మేరీ కాలికి పుల్ల చుట్టే పని నేనే తీసుకున్నాను. కాంతమ్మ కూలికి పోకపోతే ఇల్లు గడవదు. ఇన్నయ్య చేతులు మొరటువి. ఇవి నేను చెప్పుకున్న సాకులు. అసలు సంగతి, ఆ పని నేను కాకుండా ఇంకెవరు చెయ్యాలి?

మొదటి రోజు రెండుసార్లు బయటికి పరిగెత్తాను. అది చల్లగా, మెత్తగా, వేళ్ల మధ్య జారుతూ ఉంటుంది. లాగుతున్నప్పుడు లోపలి నుంచి అది కూడా తన వైపు లాగుతున్నట్టు తెలుస్తుంది. దాని వాసన నా గోళ్లలో ఉండిపోయేది. బొటనవేలంత పొడుగు వచ్చిన రోజు పండగ. కొన్ని రోజులు గోరంత కూడా రాదు. బడిపిల్లల చేత చదివించే ఓర్పు నాకుంది గాని, ఇది వేరే ఓర్పు. ప్రతి రోజూ నా చెయ్యి ఒక్క గుంజు గుంజి దీన్ని వదిలించుకుందామనే చూసేది. అది అసహ్యం పని. నేను చేసిన ప్రతి పనికీ వెనక ఆ గుంజుడే ఉందని, పుల్ల తిప్పుతూ తిప్పుతూ తెలిసింది.

మే నెలాఖరున ఒక మధ్యాహ్నం మేరీ ఇంట్లో లేదు. బావి దగ్గరికి పరిగెత్తాను. నీళ్లకు మూడు మెట్ల పైన కూర్చుని, కాలు రెండు చేతులతో పట్టుకుని ఏడుస్తోంది. పాదం పొడిగానే ఉంది.

"దిగలేదండీ" అంది. "పోదాం పోదాం అని అదే అడుగుతా ఉందండీ. నేను కాదండీ, అది."

నేను పక్కన కూర్చున్నాను.

"మనిషిని ఏదీ తినదన్నారుగా మీరు" అంది మేరీ. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది.

"తప్పు చెప్పాను" అన్నాను. ఎంత తప్పో అప్పుడే చెప్పవలసింది. చెప్పలేదు. నన్ను ఆ పిల్ల ఎలా చూస్తుందోనని భయపడ్డాను.

జూన్ ఆరు, ఏడు, ఎనిమిది, మూడు రోజులు అది కదలలేదు. ఇంకా జానెడు లోపల ఉందని నా అంచనా. మేరీ పళ్లు బిగించి, "లాగెయ్యండి. వారం కూడా లేదు. ఏమైతే అదవుద్ది" అంది. నా వేళ్లు పుల్ల మీద బిగుసుకున్నాయి. గుమ్మంలో కూర్చున్న ఇన్నయ్య బిగుసుకుపోయిన కాలిని రెండు చేతులతో ఎత్తి, మా ఎదురుగా పెట్టుకున్నాడు, అంతే. నేను పుల్ల వదిలేసి కట్టు కట్టాను.

పదకొండో తారీఖు గురువారం ఉదయం, నీళ్లు పోస్తుండగా అది తనంత తనే జారి పళ్లెంలో పడింది. తోక దాకా మొత్తం వచ్చింది. ముప్పై రెండు నాళ్లు దాన్ని చూశాను కదా, కొలవాలనిపించింది. బడి స్కేలుతో కొలిస్తే రెండు స్కేళ్ల మీద ఆరంగుళాలు. పెరట్లో మంట పెట్టి అందులో వేశాం. మేరీ లేచి నిలబడి, ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచింది. కాలు వంగింది.

శనివారం బండి కట్టించుకుని కాంతమ్మా నేనూ నడికుడి వెళ్లి, మేరీని గుంటూరు రైలు ఎక్కించాం. పుండు మానుతోంది, చిన్న పట్టీ చాలు. పిల్ల కిటికీలోంచి చెయ్యి ఊపుతుంటే కాంతమ్మ కంట నీరు పెట్టలేదు. రైలు మలుపు తిరిగేదాకా చూసి, పద అంది.

తిరుగుబండిలో సగం దూరం వచ్చాక నేనే అడిగాను. "ఆ రోజు ఇన్స్పెక్టరుగారితో అబద్ధం ఎందుకు చెప్పావు కాంతమ్మక్కా?"

"నిజం చెప్తే రాసుకుపోయేవాడు. మిషన్ స్వాములోరికి తెలిసేది. నిన్ను ఇంకో ఊరికి మార్చేవోళ్లు. నా బిడ్డ కాలికి పుల్ల ఎవురు చుడతారు? గుంటూరోళ్లకి ఇంగిలీషులో కాయితాలు ఎవురు రాస్తారు?"

నా మీద జాలితో చెప్పిందని నెలరోజులుగా అనుకుంటున్నాను.

"నా మొగుడి కాలు పోయింది" అంది కాంతమ్మ, ఎద్దుల వైపే చూస్తూ. "నువ్వు దింపినందుకు పోలా, అది ఆయనే లాక్కున్నాడు. కానీ ఆయన కాలి నీళ్లు నా బిడ్డ తాగింది. పద్నాలుగిళ్లు తాగినయ్. నువ్వు మాత్రం వడగట్టుకున్నావు."

బండి ఒక గుంతలో పడి లేచింది.

"నా బిడ్డ రైలెక్కింది. ఇప్పుడు నీతో నాకు పన్లేదు. రేపు ఆదివారం, గుడి కాడ అందరూ ఉంటారు. ఇప్పుడు చెప్పు" అంది. ఆ తరవాత, "చెప్పినాక నిన్ను ఉంచుతారో పంపుతారో వాళ్లిష్టం. ఉంచితే నాతో వాగుకి రా. చేపలు పట్టాల" అని, కొంగు ముఖం మీదికి లాక్కుని కునికింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక లేచి నిలబడ్డాను. కాళ్లు కడుక్కోమన్న రోజు నిలబడ్డ చోటే నిలబడ్డాను. చేపల సంగతి చెప్పాను, అవి ఏం తినేవో చెప్పాను. ఇన్నయ్యను చెయ్యి పట్టుకుని దింపింది నేనేనని చెప్పాను. తెల్లటి నీళ్లు బావిలో కలుస్తుంటే చూసి సంతోషించానని చెప్పాను. చివరన వడగట్టుకున్న సంగతి చెప్పాను. దానికే ఎక్కువ సేపు పట్టింది. గుడిలో పుల్లలు కట్టుకున్న కాళ్లు చాపుకుని కూర్చున్నవాళ్లు ఇంకా తొమ్మిది మంది ఉన్నారు.

ఎవరూ కేకలు వెయ్యలేదు. రొమ్ము మీద నారి లేచిన ఆవిడ చంటిపిల్లను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని, నా వైపు చూసి ముక్కు మీద కొంగు కప్పుకుంది. ఆమె పక్కనున్న ముసలాయన ముఖం తిప్పుకుని గుమ్మం బయటికి ఉమ్మేశాడు. మిగతావాళ్ల ముఖాలు కూడా చూశాను. పెదవి ఒక పక్కకు లాగి, కళ్లు చిన్నవి చేసి, కొంచెం వెనక్కి జరిగి కూర్చున్నారు. ఆ ముఖం నాకు కొత్త కాదు. రెండేళ్లుగా వాళ్ల అరుగుల ముందు నడుస్తూ నేను పెట్టిన ముఖమే అది.